తియోలినా గుప్పిట

మా ఆడపడుచు తియోలినాకు కోపం వస్తే అరుస్తుంది. సరస్సు మధ్యలో పడవలో ఉండి, ఒడ్డున నిలబడ్డ మొగుణ్ణి పేరు పెట్టి తిట్టగల గొంతు ఆమెది. సంతలో చేపలు అమ్మేటప్పుడు ఆ గొంతు బస్సులు ఆగే చోటు దాకా వినిపిస్తుంది. అందుకే ఆ క్రిస్మస్ నాడు ఆమె ఒక్క మాట కూడా అనకుండా కూర్చునేసరికి నాకు వెన్నులో చలి పుట్టింది.

క్రిస్మస్‌కు మా లుంబన్ సిహోల్ ఊరి చర్చిలో పిల్లలందరినీ వేదిక ముందు వరసగా నిలబెడతారు. తలా ఒక బైబిలు వాక్యం అప్పజెప్పాలి. ప్రతి తల్లీ తన పిల్ల వంతు అయ్యేదాకా ఊపిరి బిగబట్టి, అయిపోయాక పక్కింటి పిల్లను చూసి ముసిముసిగా నవ్వుకుంటుంది. తియోలినా కూతురు లమ్రియాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. పిల్లకు నత్తి. తన వాక్యాన్ని ఉల్లిపాయలు ఒలుస్తూ, నీళ్ళు మోస్తూ వల్లెవేసింది. పందుల దొడ్డి దగ్గర కూర్చుని వాటికి కూడా వినిపించింది. పందుల ముందు ఒక్కసారీ తడబడలేదని తియోలినా నాకు గొప్పగా చెప్పుకుంది.

వేదిక ముందు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది పిల్ల. ఆ వాక్యం ‘ప’తో మొదలవుతుంది. ప, ప, ప అంటూ మెడ నరాలు ఉబ్బేలా ప్రయత్నించింది. వెనక బల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

పిల్లలకు పాటలూ వాక్యాలూ నేర్పేది హొత్మైదా అమ్మగారు. బడిలో పెద్దపంతులమ్మగా చేసి దిగిపోయిన మనిషి. ఆ చర్చికి పునాదిరాయి మోసింది వాళ్ళ నాన్న. చేతిలో సన్నటి వెదురు పుల్ల ఉంటుంది, తాళం వేయడానికి. ఆవిడ దగ్గర పిల్లలు చేతులు కట్టుకుని, కళ్ళు ఎదుటి గోడకు అతికించి పాడాలి. శ్రుతి తప్పిన పిల్లతో, “నువ్వు పెదాలు కదుపు చాలు, గొంతెత్తకు,” అనేది. ఆవిడ ఆ రోజు లమ్రియా వైపు కాసేపు చూసింది. తరువాత జనం వైపు తిరిగి తీరిగ్గా అంది:

“వాళ్ళమ్మ సంతలో అరిచి అరిచి, ఈ పిల్ల వాటా మాటలు కూడా ఖర్చు పెట్టేసినట్టుంది.”

చర్చంతా గొల్లుమంది. మగవాళ్ళ వైపు బల్లల్లో మా ఆయన కూడా నవ్వాడు, అది తన మేనకోడలన్న సంగతి మరిచిపోయి. హొత్మైదా అమ్మగారు లమ్రియా భుజం పట్టుకుని వెనక్కి తిప్పి, తరువాతి పిల్లను ముందుకు పిలిచింది. నేను కాళ్ళతో తొక్కే హార్మోనియం ముందు కూర్చుని ఉన్నాను. అక్కడినుంచి పిల్ల ముఖం నాకు బాగా కనిపించింది. ఏడవలేదు. నోరు మాత్రం తెరుచుకునే ఉంది, ఆ ‘ప’ ఇంకా అందులోనే ఉన్నట్టు.

ఆ మాట బడిదాకా పాకింది. “నీ మాటలు కిలో ఎంతకు అమ్మారే?” అని పిల్లలు వెంటపడేవాళ్ళు. లమ్రియా ఇల్లు దాటితే నోరు విప్పడం మానేసింది. పంతులు హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేది. తియోలినా మొగుడు లారీ తోలుతూ ఎప్పుడో గాని ఇంటికి రాడు. వచ్చినవాడు సంగతి విని, పెద్దావిడతో మనకెందుకు, ఊరుకో అన్నాడట. ఆమె ఊరుకోలేదు. ఒక పూట చక్కటి చేప ఒకటి ఆకులో చుట్టుకుని హొత్మైదా ఇంటికి వెళ్ళి, పిల్లను పిలిచి ఒక మంచిమాట చెప్పమని అడిగింది. పిల్లకు చెబితే చాలు, జనంలో వద్దు అంది. హొత్మైదా చేపను తీసుకుంది. హాస్యాన్ని హాస్యంగా తీసుకోవడం నేర్చుకోమంది. దేవుడి ఇంట్లో నవ్వితే పాపం కాదంది.

తిరిగొచ్చి తియోలినా మా పెరట్లో కూర్చుని చేపల పొలుసు తీసింది. నేను ఆమెను చల్లబరచాలని, పెద్దదైపోయింది ఆవిడ, ఇంకెన్నాళ్ళు బతుకుతుందిలే అన్నాను. తియోలినా కత్తి ఆపకుండానే మాట్లాడింది.

“చావడం కాదు వదినా నాక్కావలసింది. చావు అందరికీ వస్తుంది. ఆవిడ అదే చోట నిలబడాలి. అదే జనం చూడాలి. ఏదో రావాలని చూడాలి, ఏమీ రాకూడదు.”

అంత నెమ్మదిగా ఆమె మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

అవకాశం తనంతట తానే వచ్చింది. ఆదివారపు బడికి పిల్లలు రావడం మానేశారు. ఇంటి దగ్గర చర్చికని చెప్పి బయలుదేరి, దారిలో చొక్కాలు విప్పి సరస్సులో దూకేవాళ్ళు. కొత్తగా వచ్చిన పాస్టరుగారు కుర్రవాడు, దిగులుపడ్డాడు. హొత్మైదా అమ్మగారికి సాయంగా ఎవరైనా వస్తారా అని ఆరాధన అయ్యాక అడిగాడు. తియోలినా లేచి నిలబడింది. పాస్టరుగారు ఇంకెవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. చిన్నపిల్లల ముక్కులు తుడవడానికి ఒక మనిషి ఎలాగూ కావాలి కదా అంటూ హొత్మైదా ఒప్పుకుంది. ఆదివారం మధ్యాహ్నాలు సాధన చేయించే చాకిరీ తియోలినాకు అప్పగించింది. పండగలకు పుల్ల పట్టుకుని ముందు నిలబడే పని తనకే ఉంచుకుంది.

మొదటి ఆదివారం నలుగురో ఐదుగురో పిల్లలు వచ్చారు. తియోలినా పాటల పుస్తకం తెరవలేదు. కొంగులోంచి సరస్సు ఒడ్డున దొరికే నున్నటి నల్లరాయి ఒకటి తీసింది. ఒక పిల్లను బయటికి పంపి ఆ రాయిని దాచింది. పిల్ల లోపలికి వచ్చి వెతుకుతుంటే మిగిలినవాళ్ళు పాట అందుకోవాలి. రాయికి దగ్గరైతే గట్టిగా, దూరమైతే మెల్లగా. ఇంకేముంది, బల్లల కింద దూరేవాళ్ళూ, గంట తాడు పట్టుకుని వేలాడేవాళ్ళూ. ఒకే చరణాన్ని ఎన్నిసార్లు పాడారో వాళ్ళకే తెలియదు. హొత్మైదా పుల్లతో నెలల తరబడి కొట్టినా ఎక్కని పాట రాయి దొరికేలోగా ఎక్కేసింది.

మరుసటి వారం అరటాకు ముక్కల మీద బొగ్గుతో పాటలోని మాటలు రాసి నేల మీద పరిచింది. పాడిన ప్రతిసారీ ఒక పిల్ల వచ్చి తనకిష్టమైన ఆకు తీసేయాలి. తీసేసిన మాటను కూడా పాడాలి. చివరికి నేల ఖాళీ అవుతుంది, పాట మిగులుతుంది. ఒకసారి ఎవరి మేకో లోపలికి దూరి ‘స్తోత్రము’ తినేసింది. నవ్వలేక చచ్చారు పిల్లలు. ఇప్పటికీ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ గొంతులు ఒక మెట్టు పైకి లేస్తాయి. రాగం సాగదీయాల్సిన చోట వల లాగుతున్నట్టు రెండు చేతులూ వెనక్కి లాగించేది. వల బరువుగా ఉంటే రాగం పొడుగు. జాలరుల పిల్లలకు అంతకంటే చెప్పేదేముంది? వాన వస్తే పాట గుసగుసల్లో. ఎండ కాస్తే పిల్లలను రెండు జట్లు చేసి ఒక జట్టును కొండ వాలు మీద, ఒక జట్టును ఒడ్డున నిలబెట్టి, పై జట్టు చేత ఒక పాదం, కింది జట్టు చేత ఒక పాదం పాడించేది.

వానాకాలం వచ్చేసరికి చర్చి పక్కగది చాలలేదు. పక్క ఊళ్ళ పిల్లలు కూడా పడవల్లో రాసాగారు. ఊళ్ళో అందరూ తియోలినా మారిపోయిందనుకున్నారు. దేవుడు ఆ నోటిని మంచిదారి పట్టించాడని కల్లు దుకాణంలో మగవాళ్ళు కూడా అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

లమ్రియా మొదట్లో గుమ్మం బయట కూర్చునేది. తరువాత లోపలికి వచ్చి, పిల్లల పాటకు రెండు గులకరాళ్ళు టకటకలాడిస్తూ తాళం వేయడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం రాయి దాచే ఆటలో తనే వెతికే వంతు వచ్చి, రాయి పట్టుకుని, అందరితోపాటు ఎగురుతూ పాడేసింది. ఎక్కడా ఆగలేదు. ‘ప’ దగ్గర కూడా ఆగలేదు. నత్తి ఉన్నవాళ్ళకు పాటలో మాట తడబడదని తరువాత పాస్టరుగారు చెప్పాడు, చాలామందికి అంతేనట. మాకు ఆ రోజు తెలియదు. నేను హార్మోనియం ఆపేశాను. తియోలినా గోడ వైపు తిరిగిపోయింది.

ఇంక ఆ పగ చల్లారుతుందనుకున్నాను నేను. ఇంటికి వెళ్తూ ఆమె అన్న మాట విన్నాక గాని అది చల్లారలేదని నాకు అర్థం కాలేదు.

“వాక్యం బదులు ఒక్క పాట ఇచ్చి ఉంటే నా పిల్ల ఆ రోజు నవ్వులపాలయ్యేది కాదు వదినా. ఆవిడ ఇన్నేళ్ళు పిల్లలకు నేర్పింది. ఆమాత్రం తెలియదా? తెలుసుకోవాలనుకోలేదు.”

ఆ వారంలోనే గుప్పిట ఆట మొదలైంది.

ఆట చాలా చిన్నది. తియోలినా అరచెయ్యి తెరిస్తే పాట బయటికి రావాలి. గుప్పిట మూస్తే పాట ఆగకూడదు, కానీ లోపలే సాగాలి. పెదాలు బిగించి, గుండెలో పాడుకోవాలి. మళ్ళీ చెయ్యి తెరవగానే అందరూ ఒకే మాట మీద బయటికి రావాలి. మొదట్లో ఎవరో ఒకరు ముందో వెనకో వచ్చి అందరినీ నవ్వించేవాళ్ళు. పోనుపోను ముప్ఫైమంది పిల్లలు ఒకే మనిషిలా మూసుకునేవాళ్ళు, ఒకే మనిషిలా తెరుచుకునేవాళ్ళు. చూస్తుంటే ఒళ్ళు గగుర్పొడిచేది. పిల్లలకు ఆ ఆటంటే పిచ్చి. వాళ్ళను తప్పుదారి పట్టించడానికి తియోలినా రకరకాల వేషాలు వేసేది. ఒక చేత్తో పుల్ల ఊపుతూ, రెండో చెయ్యి మూసి ఉంచేది. నన్ను హార్మోనియం గట్టిగా వాయించమనేది. పాడండర్రా పాడండి అంటూ తనే కేకలేసేది. గుప్పిట మూసి ఉన్నంతసేపు ఒక్క పిల్లా పెదవి విప్పేది కాదు. మంచి ఆట కనిపెట్టావు వదినా అన్నాను నేను. ఆమె నవ్వింది.

చర్చి కట్టి యాభై ఏళ్ళయిన పండగ వచ్చింది. బిషప్పుగారు వస్తున్నారు. చుట్టుపక్కల సంఘాలన్నీ వస్తున్నాయి. పునాది వేసిన రోజున హొత్మైదా నాన్న కట్టిన పాటను పిల్లలు పాడాలి. ఆవిడ పుల్ల పట్టి పాడిస్తుంది. ఆ తరువాత బిషప్పుగారు ఆవిడ భుజాల మీద ఉలోస్ శాలువా కప్పి, ఇన్నేళ్ళ సేవకు సన్మానం చేస్తారు. ఆ పాట ఇలా మొదలవుతుంది: తెల్లవారె తెరచాప లేచె, దేవా నీకు స్తోత్రము. తియోలినా ఆ పాటను పిల్లలకు ఎముకల దాకా ఎక్కించింది. ముందురోజు హొత్మైదా వచ్చి విని, మొదటిసారి తియోలినాను మెచ్చుకుంది. లమ్రియాను చూసి మాత్రం, ఈ పిల్ల చివర నిలబడి పెదాలు కదిపితే చాలు అంది. తియోలినా అలాగేనండి అంది.

ఆవిడ వెళ్ళాక తియోలినా పిల్లలను దగ్గరికి పిలిచి ఏదో రహస్యం చెప్పింది. రేపు గుప్పిట ఆట ఉందనీ, ఎవరు ఎన్ని చెప్పినా లొంగకుండా అందరికంటే ఎక్కువసేపు లోపల పాడినవాళ్ళే గెలిచినట్టనీ చెప్పిందట. నాకు ఆ సంగతి తరువాత తెలిసింది.

పండగనాడు చర్చి కిటికీల్లో కూడా జనం కూర్చున్నారు. హొత్మైదా పట్టుచీర లాంటి జరీ లుంగీ కట్టుకుని, జుట్టు ముడిలో బంగారు పిన్ను పెట్టుకుని వచ్చింది. పిల్లలు రెండు వరసలుగా నిలబడ్డారు. ముందు వరసలో అందరికంటే చిన్నవాడు బిన్సార్, హొత్మైదా మనవడే. ఐదేళ్ళ వాడు, నానమ్మ కుట్టించిన తెల్లచొక్కాలో మెరిసిపోతున్నాడు. తియోలినా ఆడవాళ్ళ వైపు ముందు బల్ల మీద, పిల్లలకు ఎదురుగా కూర్చుంది. కుడిచెయ్యి మోకాలి మీద పెట్టుకుంది.

నేను పాట ఎత్తుగడ వాయించాను. హొత్మైదా పుల్ల లేపి దించింది.

ఒక్క గొంతు లేవలేదు.

ముందు నేనే తప్పు వాయించాననుకున్నాను. మళ్ళీ వాయించాను. పుల్ల మళ్ళీ లేచింది, దిగింది. పిల్లలు నిటారుగా, కళ్ళు మెరుస్తూ, పెదాలు బిగించుకుని నిలబడ్డారు. కొందరి తలలు తాళానికి ఊగుతున్నాయి. అప్పుడు నేను తియోలినా మోకాలి వైపు చూశాను. గుప్పిట మూసి ఉంది.

హొత్మైదా లోగొంతుకతో పాడండి అంది. గట్టిగా పాడండి అంది. తనే మొదటి పాదం అందుకుంది. వయసు మీద పడ్డ గొంతు, ఒంటరిగా, జనం నిండిన చర్చిలో సన్నగా వణికింది. రెండో పాదానికి అది కూడా ఆగిపోయింది. వెనక బల్లల్లో నవ్వు మొదలైంది. ఎవరో దగ్గు నటించారు. ఆవిడ వెనక్కి తిరిగి జనాన్ని చూసింది, ఏదో చెప్పాలని నోరు తెరిచింది. ఏమీ రాలేదు. అప్పుడు ఆవిడ చూపు ముందు బల్ల మీదికి, అక్కడినుంచి మోకాలి మీది గుప్పిట మీదికి వెళ్ళి నిలిచిపోయింది. పంతులమ్మ కదా, పిల్లలు ఎటు చూస్తున్నారో కనిపెట్టడానికి ఎంతసేపు పడుతుంది? తియోలినా ఆవిడ కళ్ళలోకి సూటిగా చూసింది. నవ్వలేదు. ఆకలిమీద ఉన్న మనిషి అన్నం ముందు కూర్చున్నట్టు ఉంది ఆ ముఖం.

హొత్మైదాకు దిక్కు తోచలేదు. చేతికి అందినవాణ్ణి, సొంత మనవణ్ణే, రెక్క పట్టుకుని ఊపేసింది. “పాడరా. నానమ్మ పరువు తీస్తావా? పాడు.”

బిన్సార్ గుప్పిట వైపు చూశాడు. పెదాలు ఇంకా గట్టిగా బిగించాడు. వాడి కళ్ళనుంచి నీళ్ళు జారాయి. ముక్కు ఎర్రబడింది. భుజాలు ఎగసిపడుతున్నాయి. అయినా నోరు మాత్రం తెరవలేదు. మూసిన నోటితో అంత ఏడుపు ఏడ్చిన పిల్లవాణ్ణి నేను ఎక్కడా చూడలేదు. పక్కనున్న పిల్లల ముఖాల్లో ఆట పోయి భయం వచ్చింది. వాళ్ళూ నోళ్ళు విప్పలేదు. మగవాళ్ళ వైపునుంచి ఒక తండ్రి లేచి నిలబడి తన కొడుకును వేలితో బెదిరిస్తున్నాడు.

తెరువు వదినా, అని నేను మనసులో అరుస్తున్నాను. తియోలినా బిన్సార్‌ను చూసింది. చూసి, మళ్ళీ హొత్మైదా వైపే తిరిగింది. గుప్పిట వేళ్ళు తెల్లబడ్డాయి. ఇంకొంచెం కావాలి ఆమెకు.

అప్పుడు వెనక వరస చివరినుంచి పాట లేచింది.

లమ్రియా. తల్లి వైపు చూడలేదు. బిన్సార్ వైపు చూస్తూ పాడుతోంది. తెల్లవారె తెరచాప లేచె. గొంతు పెద్దది కాదు, కానీ ఎక్కడా తడబాటు లేదు. నేను హార్మోనియం అందుకోవడం కూడా మరిచిపోయాను. పిల్ల వరస దాటి ముందుకు వచ్చి, బిన్సార్ పక్కన నిలబడి, వాడి చెయ్యి నానమ్మ పట్టులోంచి విడిపించి, పాడుతూనే ఉంది. మొదటి చరణం మొత్తం ఒంటరిగా పాడింది. చర్చిలో నవ్వు ఎప్పుడు ఆగిందో తెలియదు. రెండో చరణానికి బిన్సార్ ఎక్కిళ్ళ మధ్య గొంతు కలిపాడు. ఆ తరువాత పక్కవాళ్ళు, ఆ పక్కవాళ్ళు. ‘స్తోత్రము’ దగ్గరికి వచ్చేసరికి పైకప్పు రేకులు అదిరాయి.

తియోలినా గుప్పిట ఇంకా మూసే ఉంది. దాన్ని ఎవరూ చూడటం లేదు.

ఆ తరువాత జరిగింది చెబితే కొందరు నమ్మరు. బిషప్పుగారు కళ్ళు తుడుచుకుంటూ లేచారు. ముందు మౌనం, ఆ మౌనంలో ఒక పసిదాని గొంతు, దాని వెనక సంఘమంతా. మన పితరులు ఈ ఒడ్డుకు వచ్చిన తీరునే ఈ తల్లి పాటగా మలిచింది అన్నారు. యాభై ఏళ్ళలో ఇంత చక్కటి ఏర్పాటు చూడలేదన్నారు. ఉలోస్ తీసి హొత్మైదా భుజాల మీద కప్పారు. ఊరివాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, చేసేది లేక చప్పట్లు కొట్టారు. హొత్మైదా ఆ శాలువాలో తలవంచుకుని నిలబడింది. తియోలినా లేచి బయటికి వెళ్ళిపోయింది.

విందు దగ్గర పిల్లలు పంది మాంసం వడ్డించిన ఆకులతోనే పరిగెత్తుకొచ్చి ఆమెను చుట్టుముట్టారు. “అత్తా, ఎవరు గెలిచారు? నేను చివరిదాకా విప్పలేదత్తా.” బిన్సార్ కూడా వచ్చాడు, ఎర్రబడిన కళ్ళతో. తను ఏడ్చినా నోరు తెరవలేదు కాబట్టి తనే గెలిచానన్నాడు. తియోలినా తన ఆకు వాడి చేతిలో పెట్టేసింది.

ఇంటికి నడిచేటప్పుడు లమ్రియా తల్లి చెయ్యి అందుకోలేదు. ముందు నడుస్తూ నడుస్తూ ఆగింది. మాట రావడానికి చాలాసేపు పట్టింది. మేమిద్దరం ఆగి నిలబడ్డాం.

“అక్కడ న-నేను నిలబడ్డాను కదమ్మా. వాళ్ళందర్నీ క-కూడా అలాగే నిలబెట్టావు.”

తియోలినా ఆ రోజు రాత్రి వంట చేయలేదని మా ఆయన చెప్పాడు.

పాస్టరుగారు మరునాడే వచ్చి అడిగితే దాచలేదు. అవును, కావాలనే చేశాను, ఇంకొంచెంసేపు ఉండనిచ్చి ఉంటే బాగుండేది అంది. ఆయన కొన్నాళ్ళు పిల్లల దగ్గరికి రావద్దన్నాడు. హొత్మైదా మోకాళ్ళ నొప్పులని చెప్పి తనూ మానేసింది. పక్కగదికి తాళం పడింది. పిల్లలు మళ్ళీ సరస్సులో దూకడం మొదలుపెట్టారు. ఈదుతూ ఆ పాటే పాడేవాళ్ళు.

తియోలినాకు మంట తగ్గలేదు. ఆవిడకు శాలువా కప్పారు వదినా, నేను విత్తితే ఆవిడ కోసుకుంది అని కుమిలిపోయేది. పిల్లలను అడ్డం పెట్టుకోవడం తప్పేనని ఒప్పుకునేది. హొత్మైదా విషయంలో మాత్రం ఒక్క అంగుళం జరగలేదు.

అటు హొత్మైదాను ఆ శాలువా కాల్చేస్తోంది. పక్క సంఘాలవాళ్ళు కనబడినప్పుడల్లా ఎంత బాగా పాడించారమ్మా అంటున్నారు. తను నవ్వుల పాలు చేసిన పిల్లే తనను గట్టెక్కించింది. ఆ సంగతి ఇంట్లో బిన్సార్ రోజూ గుర్తుచేస్తున్నాడట: నానమ్మా, నువ్వు నా రెక్క నొక్కావు, అక్క విడిపించింది అని. ఈ మాటలు వాళ్ళ కోడలు నాతో చెప్పింది.

ఒక సంతరోజు, ఎండ బాగా ఎక్కాక, హొత్మైదా అమ్మగారు చేపల వరసలోకి వచ్చింది. ఆవిడ ఎప్పుడూ అక్కడికి రాదు, కోడల్ని పంపుతుంది. తియోలినా గంప ముందు నిలబడింది. పక్కన లమ్రియా తుంగతాడుకు చేపలు గుచ్చుతోంది. నేను ఎదురుగా ఉల్లిపాయలు అమ్ముతున్నాను. హొత్మైదా లమ్రియా వైపు తిరిగి, తలవంచి మెల్లగా చెప్పింది. ఆ క్రిస్మస్ నాడు నేనన్న మాట తప్పమ్మా అని.

తియోలినా కత్తి పక్కన పెట్టింది. “వినపడలేదండీ. సంత కదా.”

హొత్మైదా ముఖం కందిపోయింది. వెళ్ళిపోతుందనుకున్నాను. పోలేదు. ఇంకాస్త గట్టిగా అంది. చుట్టుపక్కలవాళ్ళు బేరాలు ఆపి చూశారు.

“చివరి వరసవాళ్ళకు వినపడలేదేమో,” అంది తియోలినా.

ఆవిడ అప్పుడు నిటారుగా నిలబడింది. బడిలో పాఠం చెప్పినన్నాళ్ళు వాడిన గొంతుతో, బస్సుల దాకా వినపడేలా అంది: “ఈ పిల్లను అందరి ముందూ ఎగతాళి చేశాను. పంతులమ్మనై ఉండి చేశాను. తప్పు నాది. అమ్మా లమ్రియా, నన్ను క్షమించు.”

లమ్రియా చేతిలోని తాడు చూసుకుంటూ, “స-సరేనండి,” అంది. తల్లికి చూపించకుండా కొంచెం నవ్వింది కూడా.

ఆవిడ వెళ్ళాక నేను తియోలినా దగ్గరికి వెళ్ళి, ముసలావిడ చేత మూడుసార్లు చెప్పించాలా, మొదటిసారికే వినపడింది కదా అన్నాను. తియోలినా మళ్ళీ పొలుసు తీయడం మొదలుపెట్టింది. చాలా నెలల తరువాత ఆ ముఖంలో హాయి కనిపించింది.

“మొదటిసారికే వినపడింది వదినా. పిల్లకు అది సరిపోయింది. మిగతా రెండూ నాకు.”

ఆ ఆదివారం పక్కగది తాళం తీయించింది హొత్మైదానే. పిల్లలను తియోలినాకే అప్పగించమని, తనకు ఇక ఓపిక లేదని పాస్టరుగారికి తనే చెప్పింది. అమ్మ మళ్ళీ పాటలు నేర్పడానికి లమ్రియా ఒక షరతు మీద ఒప్పుకుంది. గుప్పిట ఆట ఇంక ఉండకూడదు. తియోలినా దాని బదులు పడవ తెడ్లతో తాళం వేసే ఆట ఒకటి పట్టుకొచ్చింది. మొదటి రోజే ఒక కిటికీ అద్దం పగిలింది.

ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఈనాటికీ ఒకరింటికి ఒకరు వెళ్ళరు. చావుల దగ్గర, పెళ్ళిళ్ళ దగ్గర ఎదురుపడితే అన్నం గిన్నె అందించుకుంటారు, అంతే. కానీ చేప కావలసినప్పుడు హొత్మైదా కోడల్ని పంపడం లేదు. తనే కర్ర పొడుచుకుంటూ వస్తుంది. ఆవిడ బేరం ఆడదు. తియోలినా తగ్గించదు.